మొదటి పేజీలో వాన

చెల్లెలు రాసిన నవల మొదటి వాక్యం చదివి అక్క తల పట్టుకుంది.

"ఆ రోజు వాన పడుతోంది, ఆకాశం నిండా మబ్బులున్నాయి." ఇదీ ఆ వాక్యం. వాన పడేటప్పుడు ఆకాశంలో మబ్బులు కాక గొడుగులుంటాయా? ఇంకెవరైనా రాసి ఉంటే అక్క ఆ కాగితాల కట్టకి మళ్ళీ తాడు బిగించి, మొహమాటం లేకుండా తిప్పి పంపేసేది. కానీ రాసింది తోడబుట్టినది. అదీ ఎలాంటి పిల్ల! చిన్నప్పుడు పాలగిన్నె ఒలకబోసినా "పాలు ఒలికిపోయాయమ్మా" అని చప్పగా చెప్పేది కాదు. "అమ్మా, మన పిల్లికి ఇవాళ పుట్టినరోజా?" అని మొదలుపెట్టేది. అమ్మ తిట్టడం మర్చిపోయి నోరు తెరుచుకుని వినేది. అంత గడుసు పిల్ల ఇప్పుడు పెద్దదై, కూర్చుని నవల రాసి, వానతో మొదలుపెట్టింది.

అక్క ఒక పుస్తకాల ప్రచురణ సంస్థలో ఎడిటరు. పెళ్ళీ పెటాకులూ పెట్టుకోలేదు. వయసంతా ఆ ఆఫీసు బల్లకే ధారపోసింది. వెనకాల అందరూ ఆమెను "గుమ్మం మేడమ్" అంటారు. కొత్త రచయిత ఎవరొచ్చినా "ఇల్లు తర్వాత చూద్దాం, ముందు గుమ్మం చూపించండి" అంటుంది మరి. గుమ్మమంటే మొదటి వాక్యం. అది ముస్తాబు చేసుకుని నిలబడకూడదని ఆమె పట్టుదల. సూర్యోదయాలు, వేదాంతాలు కనిపిస్తే చదివేవాడికి ఆవలింత వస్తుంది. రోజూ చూసే వస్తువే ఉండాలి గానీ, అది ఉండాల్సిన చోట ఉండకూడదు. ఇద్దరు మాట్లాడుకుంటున్న గదిలోకి మనం అడుగుపెట్టగానే వాళ్ళు టక్కున మాట ఆపేస్తే ఎలా ఉంటుంది? ఏం మాట్లాడుకుంటున్నారో తెలిసేదాకా మనకి కాలు నిలవదు. మొదటి వాక్యం చెయ్యాల్సిన పని అదేనని కుర్ర రచయితలకి చెప్పీ చెప్పీ ఆమె గొంతు అరిగిపోయింది.

ఆ సంస్థకి ఒక అలవాటుంది. సోమవారం పొద్దున్న టీ వేళకి అందరూ పొడుగు బల్ల చుట్టూ చేరతారు. యజమాని పెద్దాయన, ప్రూఫులు చూసే ఆవిడ, అట్టల మీద బొమ్మలు వేసే ఆయన, కింద అంతస్తులో ప్రెస్సు నడిపే మేస్త్రీ, చివర్లో గోడకి ఆనుకుని లెక్కలాయన. అక్క కొత్త రాతప్రతి తీసి మొదటి వాక్యం ఒక్కటే చదివి కాగితం బోర్లా పెట్టేస్తుంది. ఎవరో ఒకరు "ఆ తర్వాత?" అనాలి. అంటే ఆ నవల బతికినట్టు. అనకుండా టీ కప్పు ఎత్తారా, అది వచ్చిన దారినే ఇంటికి పోతుంది. మహామహుల నవలలు ఆ బల్ల దగ్గర టీ చప్పరింపుల్లో కొట్టుకుపోయాయి. నెగ్గిన వాక్యాన్ని మాత్రం ఆ రోజే అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో అచ్చువేస్తారు. కింద రచయిత పేరు తప్ప ఇంకేమీ ఉండదు. పుస్తకం రావడానికి నెలలు పట్టినా, ఆ అట్టలు మాత్రం సాయంత్రానికల్లా పుస్తకాల షాపుల అద్దాలకి అంటుకుంటాయి. దారిన పోయేవాళ్ళు చదివి ఆగుతారు. ఆగినవాళ్ళు పుస్తకం ఎప్పుడొస్తుందని అడిగి పోతారు.

ఈ వాన వాక్యంతో ఆ బల్ల దగ్గరికి వెళితే చెల్లెలి పరువు, తన పరువు కలిసి మట్టిలో కలుస్తాయి. అక్కకి పట్టుకున్న దిగులు అదే.

చెల్లెలు ఆ కట్టని తనే ఆఫీసుకి తెచ్చి ఇచ్చింది. మధ్యాహ్నం పూట వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వే చదువు అక్కా. చివరిదాకా చదువు. పెన్సిల్ పట్టుకోకుండా చదువు."

"పెన్సిల్ లేకుండా చదవడం నాకు చేతకాదే. చెయ్యి కట్టేసినట్టుంటుంది," అని నవ్వింది అక్క. "మీ ఆయన చూశాడా?"

"మొదటి పేజీ చూశారు. చివరి పేజీ చూశారు. వాన బాగుంది, ఇచ్చి రమ్మన్నారు."

"టీ తాగి వెళ్ళు."

"షాపు నుంచి ఆయన ఫోన్ చేస్తారు. ఇంట్లో ఉండాలి."

"ఇన్నేళ్ళయినా ఇంకా ఫోన్లేమిటే, కొత్త పెళ్ళికొడుకులాగ!" అని అక్క వేళాకోళమాడింది. చెల్లెలు నవ్వలేదు. తలుపు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగింది. ఏదో అనబోతున్నట్టు పెదవి కదిపి, "మెల్లగా చదువు," అని మాత్రం అని వెళ్ళిపోయింది.

మరిది మీద అక్కకి గొప్ప గురి. అతనిది కళ్ళజోళ్ళ షాపు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతాడు. అక్క కళ్ళ మీదున్న జోడు అతను చేసిచ్చిందే. పుట్టినరోజు నాడు స్వయంగా తెచ్చి, ఆమె చెవుల వెనక కొక్కేలు సరిచేసి, "అక్షరాలతోనే కదా వదినా మీకు పని, అవి మసకబారకూడదు," అన్నాడు. ఆ మాటకి అక్క పొంగిపోయింది. మా మరిది బంగారం అని ఆఫీసులో అందరితోనూ అంది. చెల్లెలితో కూడా అంది. చెల్లెలు "అవును" అంది.

సెలవు రోజున అక్క కట్ట విప్పి, పెన్సిల్ చెక్కుకుని మరీ కూర్చుంది. నవలలో ఒక సంగీతం మాస్టారు, ఆయన భార్య, వాళ్ళ ఇల్లు. పేజీలు తిరుగుతున్నాయి గానీ కథ కదలదు. ఆమె బట్టలు ఆరేస్తుంది. ఆయన పాఠం చెబుతాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని మెచ్చుకుంటారు. అక్క మార్జిన్లో "సాగతీత" అని రాసింది, ఇంకోచోట "ఇది ఎందుకు?" అని రాసింది. సగం దాటాక, భార్య దుప్పట్లు మడతపెట్టే చోట, పేరా మధ్యలో, దుప్పటి మడతకీ దిండు గలీబుకీ నడుమ ఇరుక్కుని ఒక వాక్యం కనిపించింది.

"అతను ఇంటికి వచ్చే వేళకి ఆమె చెప్పులు వేసుకుని కూర్చునేది."

అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. పైకి చదివింది. మళ్ళీ చదివింది. ఇల్లు, చెప్పులు, కూర్చోవడం, అన్నీ రోజూ ఉండేవే. కానీ ఇంట్లో కూర్చునే మనిషి కాళ్ళకి చెప్పులెందుకు? అతను వస్తే ఎదురెళ్ళాలి గానీ, బయటికి వెళ్ళేదానిలా ముస్తాబవడమేమిటి? ఆ వాక్యం తర్వాత నవల మళ్ళీ దిండు గలీబుల్లోకి వెళ్ళిపోయింది. జవాబు ఎక్కడా లేదు. జవాబు చెప్పకపోవడమే దీని అందం అనుకుంది అక్క. ఆనందంతో ఆమె బుగ్గలు వేడెక్కాయి. దొంగపిల్ల, గుమ్మాన్ని తీసుకెళ్ళి వంటింటి వెనకాల దాచింది!

ఈ పనిలో అక్కది అందె వేసిన చెయ్యి. రచయితలు తమకే తెలియకుండా మొదటి వాక్యాన్ని ఎక్కడో మధ్యలో పారేసుకుంటారని, దాన్ని వెతికి తెచ్చి ముందు నిలబెట్టడమే తన ఉద్యోగమని నమ్మిన మనిషి. వాన మొత్తం కొట్టేసింది. కొత్త కాగితం మీద ఆ వాక్యాన్ని రాసి, మొదటి పేజీగా పైన పెట్టింది. అప్పటికప్పుడు చెల్లెలికి చెప్పాలనిపించి ఫోన్ చేసింది.

మరిది ఎత్తాడు. ఆ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ అతనే ఎత్తుతాడు.

"వదినా, బాగున్నారా? కళ్ళజోడు ఇబ్బంది పెట్టడం లేదు కదా? ఆవిడ పనిలో ఉంది. నాతో చెప్పండి."

"ఏం లేదండీ, నవల చదివాను. మొదటి పేజీ మార్చాను, అదే చెబుదామని."

"వాన తీసేశారా? నాకు నచ్చిందే. ఏం పెట్టారు?"

"ఇప్పుడు చెప్పను. సోమవారం సాయంత్రానికి ఊరంతా చూస్తుంది, మీరూ చూద్దురుగాని," అని అక్క ఊరించింది. బల్ల సంగతి, "ఆ తర్వాత?" సంగతి అతనికి తెలుసు. భోజనాల దగ్గర అక్క వందసార్లు చెప్పింది. అతను మెత్తగా నవ్వి, "సరే, చూస్తాను," అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా అక్క తనలో తను మురిసిపోతూనే ఉంది. ఆమెకి ఆ క్షణాన ఎవరైనా నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో! ఎవరు పెడతారు? ఇంట్లో ఆమె, పెన్సిలు తప్ప ఇంకెవరూ లేరు.

సోమవారం బల్ల దగ్గర అక్క ఆ వాక్యం చదివి కాగితం బోర్లా పెట్టింది.

ఎవరూ కప్పు ముట్టుకోలేదు. "ఆ తర్వాత?" అన్నాడు మేస్త్రీ. ఆ వెంటనే బొమ్మలాయన కూడా అన్నాడు. నోట్లో బెల్లం ముక్క ఉన్నట్టు ఎప్పుడూ మాట్లాడని లెక్కలాయన గోడ దగ్గరి నుంచి ముందుకి వంగాడు. పెద్దాయన బల్ల మీద చేత్తో చరిచి, "ఇదీ గుమ్మమంటే!" అన్నాడు.

"నేల చల్లగా ఉందేమో, అందుకని వేసుకుంది," అన్నాడు మేస్త్రీ.

"కాదు, ఇద్దరూ షికారుకి వెళతారు. ఆలస్యం కాకుండా తయారై కూర్చుంది," అన్నాడు బొమ్మలాయన. అప్పుడే కాగితం మీద ఒక కుర్చీ, దాని కింద రెండు కాళ్ళు గీసేస్తున్నాడు.

ప్రూఫులు చూసే ఆవిడ మాత్రం కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చుంది. "షికారుకైతే 'కూర్చునేది' అని ఎందుకంటుంది, రోజూ అదే పనైనట్టు? పారిపోవాల్సి వస్తుందని కూర్చుంది," అని, అక్క వైపు తిరిగింది. "రాసినావిడ ఎవరు మేడమ్? ఆవిడ క్షేమంగానే ఉందా?"

"మా చెల్లెలే. నిక్షేపంలా ఉంది. ఇది నవల కదండీ," అని అక్క నవ్వేసింది.

నవ్వేసింది గానీ, ఆ ప్రశ్న ఎక్కడో గుచ్చుకుంది. అట్టలు అచ్చవుతుంటే కింద ప్రెస్సులో నిలబడి చూస్తోంది, కానీ మనసు అక్షరాల మీద లేదు. షాపు నుంచి ఫోన్ చేస్తారు, ఇంట్లో ఉండాలి. పెన్సిల్ పట్టుకోకుండా చదువు. మెల్లగా చదువు. ఆ మాటలు ఒక్కొక్కటీ వచ్చి పక్కన నిలబడుతున్నాయి. అదంతా నా భ్రమ అని సర్దిచెప్పుకుంది. అయినా, మొదటి అట్ట చెల్లెలి చేతిలో పెట్టి వద్దామని, అట్టలు పంచే వ్యానులోనే బయలుదేరింది. దారిలో డ్రైవరు ముందు బజారు మలుపులోని పుస్తకాల షాపు దగ్గర ఆపి, అద్దానికి అట్ట అంటించి వచ్చాడు. ఆ షాపుకి ఎదురుగానే మరిది కళ్ళజోళ్ళ షాపు. అక్క వ్యానులోంచి చూసింది. అతను కొలతల యంత్రం ముందు ఎవరి గడ్డమో పట్టుకుని, నిమ్మళంగా ఏదో చెబుతున్నాడు.

చెల్లెలి ఇల్లు మొదటి అంతస్తు. వ్యానుని కింద ఆగమని చెప్పి అక్క మెట్లెక్కింది. తలుపు తెరిచే ఉంది. చెప్పులు విడిచి గుమ్మం లోపలున్న స్టాండులో పెట్టింది. సాయంకాలపు వెలుగు గదిలో ఏటవాలుగా పడుతోంది. దుప్పట్లు మడతపెట్టి ఉన్నాయి. నేల అద్దంలా తుడిచి ఉంది. చెల్లెలు కుర్చీలో, తలుపుకేసి తిరిగి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆమె కాళ్ళకి చెప్పులున్నాయి.

అక్క అక్కడే నిలబడిపోయింది. ఆ చెప్పుల వైపు చూసింది, చేతిలోని అట్ట వైపు చూసింది. ఇన్నేళ్ళలో వందలకొద్దీ మొదటి వాక్యాలు చదివిన మనిషికి, ఒక వాక్యం నిజమై ఎదురుగా కూర్చుని కనిపించింది.

"బయటికి వెళ్తున్నావా?" అని అడిగింది, జవాబు తెలిసే.

"నా పేరుందేమిటి దాని మీద?" అని చెల్లెలు చెయ్యి చాచి అట్ట తీసుకుంది. చదివింది. ఆమె మొహంలో రంగు మారిపోయింది. "ఇది మధ్యలో కదా పెట్టాను. దుప్పట్ల దగ్గర పెట్టాను."

"అందుకే తీసి ముందు పెట్టాను. ఎంత బాగుందో..."

"అక్కా! దుప్పట్ల దగ్గర ఎందుకు పెట్టానో నీకు తెలీదా? మొదటి పేజీ ఆయన చదువుతారు. చివరి పేజీ ఆయన చదువుతారు. మధ్యలోది చదివే ఓపిక ఆయనకి లేదు. ఆ వాన నేను చేతకాక రాశాననుకున్నావా? వాన చూసి అక్కడితో ఆగిపోవాలనే రాశాను. ఎవర్నీ లోపలికి రానివ్వకుండా ఉండాలని అంత చప్పగా రాశాను. ఎంత చప్పగా ఉన్నా చివరిదాకా చదివేది నువ్వొక్కదానివే కదా. నువ్వు చదువుతావు, చదివి పరిగెత్తుకుని వస్తావు, ఏమిటే ఇది అని అడుగుతావు అనుకున్నా. నువ్వేమో బాగుందని అట్ట మీద అచ్చేసుకుని వచ్చావు."

అక్క గోడకి చెయ్యి ఆనించింది. "నోటితో చెప్పొచ్చు కదే తల్లీ."

"ఎలా మొదలుపెట్టను? నాలుగైదుసార్లు అనుకున్నాను. 'అక్కా, ఆయన' అనేలోపు 'మా మరిది బంగారం' అన్నావు. ఆ కళ్ళజోడు పెట్టుకుని అన్నావు."

"చెయ్యి చేసుకుంటాడా?"

"ఎప్పుడు చేసుకుంటారో తెలీదు. అదే. కోపం వచ్చి కొట్టేవాళ్ళయితే కోపం తెప్పించకుండా ఉండొచ్చు. ఈయన నవ్వుతూ వస్తారు, చెయ్యి కడుక్కుంటారు, తువ్వాలు మడతపెడతారు, ఆ తర్వాత..." చెల్లెలు ఆగిపోయింది. "చెప్పులు వేసుకుంటే కాస్త ధైర్యంగా ఉంటుంది. వెళ్ళిపోవచ్చు కదా అనిపిస్తుంది. ఒకరోజు గేటు దాకా వెళ్ళాను కూడా. ఆ తర్వాత ఎటు వెళ్ళాలో తోచక మళ్ళీ వచ్చి కూర్చున్నాను."

మా ఇంటికి రాకపోయావా అని నాలుక చివరిదాకా వచ్చింది అక్కకి. మింగేసింది. ఆ మాట అడిగే మొహం తనకి లేదని ఆమెకి తెలుసు. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"ఈ అట్ట ఎక్కడెక్కడ అంటించారు?" అని చెల్లెలు నెమ్మదిగా అడిగింది.

"బజారు మలుపులో ఒక్కచోటే. మిగతావి వ్యానులో ఉన్నాయి, ఆపించేస్తాను."

"ఒక్కచోటు చాలు," అంది చెల్లెలు.

కింద స్కూటరు ఆగిన చప్పుడైంది. చెల్లెలు లేవలేదు. కుర్చీ చేతుల మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. మెట్ల మీద అడుగులు తొందర లేకుండా, ఎప్పటిలాగే మర్యాదగా ఎక్కి వచ్చాయి.

మరిది లోపలికి వచ్చి తలుపు మూశాడు. చేతిలో అట్ట ఉంది. షాపు అద్దం మీది నుంచి ఊడదీసినట్టు నాలుగు మూలలా జిగురు అంటుకుని ఉంది.

"వదినా, మీరూ ఉన్నారా, మంచిదైంది," అన్నాడు నవ్వుతూ. తాళంచేతులు మేకుకి తగిలించాడు. అట్టని బల్ల మీద అంచు సమంగా వచ్చేలా పెట్టాడు. "నిజంగా మంచి వాక్యం. ఇద్దరు ముగ్గురు ఆగి చదువుతున్నారు. మా పక్క షాపతను చదివి, మీ ఆవిడేనా అని అడిగాడు. మీ బల్ల దగ్గర ఏదో అంటారు కదా వదినా, భలే మాట అది." భార్య వైపు తిరిగాడు. గొంతు ఇంకా మెత్తబడింది. "ఆ తర్వాత? చెప్పు. వదిన ముందే చెప్పు."

ఎన్నో నవలలకి ప్రాణం పోసిన మాట అది. అక్కకి మొదటిసారి ఆ మాట విని ఒళ్ళు గగుర్పొడిచింది. అతను తలుపుకీ వాళ్ళిద్దరికీ మధ్య నిలబడి ఉన్నాడు. భయం వేసింది ఆమెకి, దాచేదేముంది. ఏదో ఒకటి చెయ్యాలి. పుస్తకాల్లో రాసినంత గొప్ప మాట ఒక్కటీ తట్టలేదు. కిటికీ దగ్గరికి నడిచి, రెక్క తెరిచి, వీధంతా వినిపించేలా కేక పెట్టింది.

"డ్రైవర్ బాబూ! ఒకసారి పైకి రా! సామానుంది!"

పక్కింటి కిటికీలోంచి ఎవరో తల బయటికి పెట్టారు. కింద వ్యాను తలుపు పడిన చప్పుడు, పైకి వస్తున్న అడుగులు. మరిది మొహంలో నవ్వు చెదరలేదు గానీ, అది ఇప్పుడు అతికించినట్టుంది. నలుగురి ముందు అతనెప్పుడూ మంచివాడే. తలుపు తట్టగానే తనే వెళ్ళి తీశాడు.

"సామానేదండీ?" అన్నాడు డ్రైవరు గది చుట్టూ చూసి.

"సామాను లేదు. మా చెల్లెలు వస్తోంది," అంది అక్క.

చెల్లెలు కుర్చీలోంచి లేచింది. వెతుక్కోవాల్సిందేమీ లేదు, వేసుకోవాల్సిందేమీ లేదు. భర్త పక్కనుంచి, అతని చొక్కా అంచు కూడా తగలకుండా ఒదిగి, గుమ్మం దాటింది.

"నాలుగు రోజులు ఉండి రా. గాలి మార్పుగా ఉంటుంది," అన్నాడు అతను, డ్రైవరు వినేలా. అక్క చెప్పులు స్టాండులో, అతని కాళ్ళ వెనక ఉన్నాయి. తప్పుకోమని అతన్ని అడగాలి. అడగబుద్ధి కాలేదు. ఒట్టి కాళ్ళతోనే మెట్లు దిగింది.

వ్యానులో వెనక అట్టల దొంతర మధ్య ఇద్దరూ కూర్చున్నారు. ప్రతి అట్ట మీదా అదే వాక్యం, కింద చెల్లెలి పేరు. అక్క ఒకదాన్ని తీసుకుని ముక్కలు చెయ్యబోయింది. "మిగతావి ఆపించేస్తాను. పుస్తకం ఇక నీ ఇష్టం. వాననే మళ్ళీ ముందు పెడదాం."

చెల్లెలు ఆమె చేతిలోంచి అట్ట లాక్కుంది. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అంటించనీ," అంది. "పక్క షాపతను ఆయన్ని అడిగాడట కదా. అడగనీ. ఇన్నాళ్ళూ ఒక్కళ్ళూ అడగలేదు."

డ్రైవరు మరో షాపు ముందు ఆపి, ఒక అట్ట పట్టుకుని దిగాడు. అక్క చూస్తుండగానే చేతిలో సంచీతో వెళుతున్న ఒకావిడ అద్దం ముందు ఆగి చదివి, తలవంచి తన కాళ్ళ వైపు చూసుకుంది. అక్కకి ఇక అటు చూడ్డానికి ధైర్యం చాలలేదు.

అక్క ఇల్లు కుట్టుపని షాపు మీద రెండు గదులు. ఎక్కడ చూసినా కాగితాల కట్టలు. చెల్లెలు లోపలికి వచ్చి, ఒక కట్ట పక్కకి జరిపి, మంచం అంచున తలుపుకేసి తిరిగి కూర్చుంది. చెప్పులు విప్పలేదు. అక్క తలుపు గడియ పెట్టింది. అయినా విప్పలేదు. ఇంట్లో చెప్పులేమిటే అనే మాట ఈ జన్మలో తన నోట రాకూడదనుకుంది అక్క.

మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. కళ్ళజోడు తీసి అలమారలో పెట్టేసింది. అది లేకపోతే అక్షరం ముక్క ఆనదు. ఇప్పుడు అక్షరాలతో పని లేదు. బల్ల మీది పెన్సిల్ని కూడా సొరుగులోకి తోసేసి, వచ్చి చెల్లెలి కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడింది.

ఏమని అడగాలో తెలియలేదు. ఇంతకాలం ఇతరుల వాక్యాలు సరిదిద్దిన మనిషికి తనదంటూ ఒక్క వాక్యం కుదరలేదు. కింద కుట్టుమిషను ఆగి ఆగి తిరుగుతోంది. మరిది ఇందాక ఆ మాట అన్న తీరు ఇంకా చెవుల్లోనే ఉంది. అతను ముట్టుకున్న మాటని మళ్ళీ తను వాడటమా అని జంకింది. కానీ చెల్లెలు ఆ మాట కోసమే నవలంతా రాసిందని ఇప్పుడు తెలుసు.

"ఆ తర్వాత?" అంది అక్క.

చెల్లెలు తలుపు వైపే చూస్తూ మొదలుపెట్టింది. మొదలుపెట్టడం బాగాలేదు. తడబడింది, ముందుది వెనక, వెనకది ముందు చెప్పింది, తువ్వాలు మడత దగ్గర ఆగిపోయి ఏడ్చింది, మళ్ళీ పెళ్ళయిన కొత్తలోకి వెళ్ళింది. అక్క ఎక్కడా సరిదిద్దలేదు. ఆగినప్పుడల్లా ఆగింది. చెల్లెలు కళ్ళు తుడుచుకున్నాక మళ్ళీ ఆ మాటే అడిగింది.

చెబుతూ చెబుతూ ఉండగా ఎప్పుడో చెల్లెలి కాలి నుంచి ఒక చెప్పు జారి నేల మీద పడింది. చెల్లెలు చూసుకోలేదు. అక్క చూసింది. రెండోది ఇంకా కాలికే ఉంది.